గీతల మాస్టారి కంప్యూటర్

ఇళ్ళ ప్లాన్లు గీసి బతికే ఆ పెద్దమనిషిని వీధిలో అందరూ గీతల మాస్టారనే పిలిచేవారు. ఆయన ఎవరికీ పాఠాలు చెప్పినవారు కాదు. ఆయన గీసిన గీత దారం పట్టి లాగినట్టు ఉంటుందని ఆ పేరు వచ్చింది. పిల్లలు లేరు. చెల్లెలి కూతురంటే పంచప్రాణాలు. ఆ మేనకోడలు బజారులో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు నడుపుతుంది. ఆమె గడపలో కాలు పెట్టగానే, "ఇదిగో, మన స్క్రూడ్రైవర్ వచ్చింది" అని లోపలున్న భార్యకు కేకేసేవారు.

ఆయన కంప్యూటర్ ముసలిది. అందులోని గ్రాఫిక్స్ కార్డుకు కొత్త డ్రైవర్లు రావడం ఆగిపోయి ఏళ్ళయింది. "కార్డు బొమ్మ వేసే పనివాడు మామయ్యా. డ్రైవర్ వాడికి పని చెప్పే మేస్త్రీ" అని ఆమె ఒకసారి విడమరిచి చెప్పింది. "అయితే మా మేస్త్రీ ఎప్పుడో రిటైరయ్యాడన్నమాట" అని ఆయన నవ్వారు.

మొదటిసారి ఫోన్ వచ్చింది వానాకాలంలో. "అమ్మాయ్, స్క్రీన్ మీద అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యాయి." వెళ్ళి చూస్తే, కంప్యూటర్ తనంతట తానే అప్‌డేటై, పాత కార్డుకు పొసగని కొత్త డ్రైవర్ వేసుకుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టుంది వ్యవహారం. ఆమె సేఫ్ మోడ్‌లో తెరిచి, కొత్తదాన్ని పీకేసి, తన దగ్గర దాచుకున్న పాతది ఎక్కించింది. ఇకమీదట దానంతట అది మారకుండా కట్టడి చేసింది.

కొన్నాళ్ళకు స్క్రీన్ నిండా రంగురంగుల గళ్ళు వచ్చి కంప్యూటర్ బిగుసుకుపోయింది. పెట్టె విప్పితే కార్డు మీది ఫ్యానుకు దుమ్ము దూదిలా చుట్టుకుని ఉంది. వేడి లాగడానికి రాసిన పేస్టు ఎండి పెళ్ళలు కట్టింది. అంతా గీకి, తుడిచి, కొత్త పేస్టు రాసి బిగించింది. గళ్ళు పోయాయి.

కానీ మామయ్య ముఖం విప్పారలేదు.

"గీత మధ్యలో వంగుతోందమ్మా."

"ఏ గీత?"

"ఏ గీతైనా. గోడ తిన్నగా గీస్తే నడుమ దగ్గర నీళ్ళలో కర్రలా కనబడుతుంది. అక్కడే కాస్త మసక కూడా."

ఆమెకు ఏమీ కనబడలేదు. ఒక్కోసారి వచ్చి పోయే రోగమేమో అనుకుంది. కేబుల్ మార్చింది. కొట్టులోంచి వేరే మానిటర్ మోసుకొచ్చి పెట్టింది. డ్రైవర్ తీసి మళ్ళీ వేసింది. చివరికి తన సొంత కంప్యూటర్లోని కార్డునే ఊడదీసి తెచ్చి ఇందులో బిగించింది. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి మారేది. అలా చలికాలం గడిచిపోయింది. "కాస్త నయం" అనేవారాయన, ఆమె కష్టం చూడలేక. మళ్ళీ రెండ్రోజులకు ఫోన్ చేసేవారు.

ఒక మధ్యాహ్నం ఆమె వెళ్ళేసరికి ఆయన చేతిలో ఒక కాగితం ఉంది. బజారులో రొట్టెల కొట్టాయన కట్టుకోబోయే ఇంటి ప్లాను అది.

"చూడమ్మా, ఆ రోగం ప్రింటర్‌కి కూడా అంటుకుంది. ఇందులోనూ వంకరే."

ఆమె కాగితం అందుకుంది. గోడలు, కిటికీలు, మెట్లు, అన్నీ నిక్కచ్చిగా ఉన్నాయి. ఒక్క గీతా వంగలేదు. ఆమె బల్ల మీదున్న స్టీలు స్కేలు తీసి, కాగితం మీద గోడ గీత పక్కన ఆనించి పెట్టింది.

"మామయ్యా, స్కేలు ఎలా ఉంది?"

"స్కేలుకేం, స్కేలు కూడా..." అని ఆయన ఆగిపోయారు.

ఎడమకన్ను మూసుకున్నారు. తెరిచి కుడికన్ను మూసుకున్నారు. స్కేలు ఎత్తి కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశారు. ఏదో ఒకటి పాడైతే బాగుండు, కార్డో, మానిటరో, తన చేతి పనితనమో, ఏదైనా సరేనని ఆ క్షణంలో మేనకోడలు మనసులో మొక్కుకుంది.

"మీ అత్తయ్యకు చెప్పకు" అన్నారాయన. "కొత్త కార్డు చూడ్డానికి వెళ్తున్నామని చెబుదాం."

కంటి డాక్టరమ్మ మెత్తగానే చెప్పింది. కంటి వెనక పొర నడిబొడ్డున దెబ్బతింది. కుడికన్ను చాలావరకు పోయింది, ఎడమది ఇప్పుడిప్పుడే మొదలు. ఇంజెక్షన్లతో ఉన్నదాన్ని నిలబెట్టవచ్చు, పోయింది మాత్రం తిరిగి రాదు. "కొన్ని నెలలు ముందొస్తే బాగుండేది" అంది. ఆ నెలలు ఎక్కడికి పోయాయో మేనకోడలికి తెలుసు.

బయటికొచ్చాక వరండాలో బెంచీ మీద కూర్చుని ఆమె ఏడ్చింది. ఆయన భుజం తట్టారు.

"నేను కంప్యూటర్ బాగాలేదని పిలిచాను. నువ్వు కంప్యూటరే చూశావు. ఇందులో నీ తప్పేముంది తల్లీ?"

ఇంటికి రాగానే అత్తయ్య ఎదురొచ్చింది. "కార్డు దొరికిందా?"

"అక్కర్లేదు" అన్నారు మామయ్య చెప్పులు విప్పుతూ. "కంప్యూటర్‌కేం కాలేదు."

అత్తయ్య మేనకోడలి ముఖంలోకి చూసింది. చేతిలోని గిన్నె కింద పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

రొట్టెల కొట్టాయన ఇంటి ప్లానులో మార్పులు మిగిలి ఉన్నాయి. సాయంత్రాలు మేనకోడలు వచ్చి మౌస్ పట్టుకుంటే, మామయ్య పక్కన కూర్చుని నోటితో చెప్పేవారు. ఒకరోజు ఆమె పడకగదికి తలుపు పెట్టింది.

"ఎటు తెరుచుకుంటుంది?" అని అడిగారు.

"లోపలికి."

"మంచానికి కొట్టుకుంటుంది. ఇవతలికి తిప్పు."

అది నిజమే. ఆయన ఆ గదిని స్క్రీన్ మీద చూడటం లేదు, లోపలెక్కడో తిరుగుతున్నారు.

ప్లాను పూర్తయింది. రొట్టెల కొట్టాయన వచ్చి, "ఇల్లంటే ఇలా ఉండాలి మాస్టారూ" అని సంబరపడి పట్టుకెళ్ళాడు. అతను వెళ్ళాక మామయ్య, "ఇక కొత్తవి ఒప్పుకోకమ్మా" అన్నారు.

"నేనున్నానుగా మామయ్యా. మీరు చెప్పండి, నేను గీస్తాను."

"గీస్తావు, బాగానే గీస్తావు. కానీ నాకు ఆలోచన చేతిలోంచి వచ్చేది. నోట్లోంచి రావడం లేదు."

ఆమె కంప్యూటర్ ఆపేసి, తన కుర్చీ ఆయన పక్కకు లాక్కుంది. బయట చీకటి పడుతోంది. అత్తయ్య వచ్చి లైటు వేసేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.