బాతు వెనక మసక

పిట్టల వల్ల నాకూ మా తోడల్లుడికీ చెడిందని మా ఆవిడ అందరితో చెబుతోంది. అబద్ధం. పిట్టలు నాకేం చెయ్యలేదు. చేసిందంతా పిట్టల గుమాస్తా. పగలు బ్యాంకులో కూర్చుని, పొద్దున్నే మెళ్ళో బైనాక్యులర్ వేసుకుని తిరిగే మా తోడల్లుడికి జనం పెట్టిన పేరది.

పద్నాలుగేళ్లుగా నా వెల్డింగ్ షాపు ముందు ఒక్కసారీ బండి ఆపని మనిషి, ఈ చలికాలం ఒక శనివారం ఆపాడు.

"అన్నయ్యా, ఎప్పుడూ ఆ నిప్పురవ్వలేనా చూడ్డం? రేపు చెరువుకి రా. వలస బాతులొచ్చాయి."

కరిగిపోయాను. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, నన్నెవరైనా ఎక్కడికైనా పిలవడమే తక్కువ.

చెరువు దగ్గర మొత్తం పన్నెండు మందిమి. నాయకుడు రిటైరైన లెక్కల మాస్టారు. కెమెరాకి గొట్టమంత లెన్సు తగిలించుకుని పళ్ళ డాక్టరు. చలికి నా పళ్ళు టకటకలాడుతుంటే ఆయన ఆశగా చూశాడు.

గంటైనా బాతు జాడ లేదు. మాస్టారు మలుపు దాటి వెళ్దామన్నాడు. మా తోడల్లుడు అడ్డం నిలబడ్డాడు.

"అటేముంటాయి సార్, ముళ్ళకంపలు తప్ప?"

"బాతులుండేది ఆ కంపల్లోనే కదటయ్యా, పద."

మలుపు తిరగ్గానే, నీళ్ళకి అవతల, నేనూ మా తోడల్లుడూ పక్కపక్కనే కొనుక్కున్న స్థలాలు.

"ష్! ఎర్రతల బాతు!" అన్నాడు మాస్టారు. "పదకొండేళ్లుగా చూస్తున్నా దీనికోసం."

పక్కాయన బైనాక్యులర్ తీసుకుని నేనూ కళ్ళకి పెట్టుకున్నాను. నాకు బాతు కనబడలేదు. నా రాడ్డు కనబడింది. హద్దుకి నేనే పాతిన ఇనప రాడ్డు, ఎర్ర రంగుది. అడుగుల లెక్కల మీద నమ్మకం లేక, రిజిస్ట్రేషన్ కాగితంలో 'ఎర్ర రాడ్డు దాకా' అని పట్టుబట్టి రాయించుకున్నదీ నేనే. ఇద్దరు కూలీలు దాన్ని పన్ను ఊపినట్టు ఊపి పీకుతున్నారు. పక్కన గొడుగు కింద కుర్చీ వేసుకుని, చేతిలో టేపుతో మా మరదలు.

"ఒరే, అది నా రాడ్డురా!"

"మెల్లగా అన్నయ్యా, బాతు బెదురుతుంది."

"నీ బాతు బంగారం కానూ!"

నా అరుపుకి బాతు లేచిపోయింది. మాస్టారు కళ్ళనీళ్ళు పెట్టుకుని "నువ్వు మనిషివేనా?" అన్నాడు. చెరువు చుట్టూ పరిగెత్తి చేరేసరికి రాడ్డు నా స్థలంలోకి జరిగి, కాళ్ళకి సిమెంటు పూసుకుని నిలబడింది.

"ఏంటి బావగారూ ఆ రొప్పు? కూర్చోండి, టీ పోస్తా" అంది మరదలు.

మా ఆవిడ పెదనాన్న దగ్గర పంచాయితీ పెట్టించాను. బాతులవాళ్ళు చూసిందల్లా రాసుకునే పుస్తకాలన్నీ తెప్పించాను. అన్నిట్లోనూ ఒకటే: బాతు కనబడింది ఏడూ పదికి, ఎగిరింది ఏడూ పద్నాలుగుకి, కారణం ఒక మనిషి అరుపు. రాడ్డు ఊసే లేదు. ఇక డాక్టరు ఫొటో. బాతు ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. వెనక అంతా మసక.

పెదనాన్న కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఈ రెండూ గేదెలు."

"కూలీలండీ! మూడోది చూడండి, మీ అమ్మాయే!"

"ఛ, అది పుట్టగొడుగులా ఉంటే!"

కాగితంలో ఉన్నట్టు ఎర్ర రాడ్డే హద్దన్నాడు, పంచాయితీ అయిపోయింది. నేను టేపు పట్టుకుని స్థలానికెళ్ళాను. పూడ్చిన గుంట మీద మట్టి ఇంకా మెత్తగానే ఉంది. అక్కణ్ణుంచి కొత్త రాడ్డుకి మూడడుగులు. స్థలం పొడవు అరవై. మొత్తం ఇరవై గజాలు నావి పోయాయి.