వెనక కాళ్ళు వేలెడు పొడుగు

పొద్దున్నే వడ్రంగి కొట్టు తలుపు తీశాక కోడలు చేసే మొదటి పని, మేకుల డబ్బా కింద చెక్కముక్క దోపడం. దోపకపోతే డబ్బా జారి నగరం వైపు గోడకి కొట్టుకుంటుంది. ఊరు ఊరంతా అటే ఒరిగి ఉంది మరి! చేయి జారిన నిమ్మకాయైనా, పిల్లల బంతైనా దొర్లుకుంటూ పోయి ఊరి చివర టీకొట్టు దగ్గర ఆగాల్సిందే. సాయంత్రం టీకి వెళ్ళినప్పుడు ఎవరివి వాళ్ళు ఏరి తెచ్చుకుంటారు.

ఎప్పట్నుంచి ఇలా అంటే ఆమె మామగారు వేళ్ళు మడిచి చెబుతాడు. ఓడరేవు ఉందని రైలింజన్ల షెడ్డు నగరానికి తరలిపోయిన ఏడు కొంచెం ఒరిగింది. సరుకు లారీల రోడ్డు ఊరిని తప్పించి వేశాక ఇంకొంచెం. కాలేజీ ఎత్తేశారు, చదువుకున్నవాళ్ళు పోయారు, వాళ్ళ వెనకే బ్యాంకూ పోయింది, ఇదిగో ఇంతయింది.

"అన్నీ అక్కడికే పోతుంటే మనం నిలబడ్డమే గొప్ప," అంటాడాయన.

అందుకే ఆ ఊళ్ళో కుర్చీకి వెనక కాళ్ళు వేలెడు పొడుగు. నగరానికి వీపు పెట్టి కూర్చుంటే హాయిగా నిటారుగా ఉంటుంది.

మొగుడు పోయాక ఆ కొట్టే కోడలికి దిక్కు. గిరాకీ లేక ఈగలు తోలుకుంటుండగా నగరంలో పెద్ద ఆఫీసు నుంచి కుర్చీల ఆర్డరొచ్చింది. ఇదీ పోతే కొట్టు మూసేసి, ఈ వయసులో మామగారు నగరంలో ఎవడి కిందో ఉలి పట్టాలి. ఆమెకి ఆ ఊహే పడదు.

"కాళ్ళు నాలుగూ సమంగా ఉండాలి మామయ్యా, మరిచిపోకండి."

"చాల్లే, నాకు చెప్పేదానివయ్యావా!"

కుర్చీలయ్యాయి. కోడలు ఒక్కోదాని మీదా నీళ్ళగిన్నె పెట్టి చూసింది. నీళ్ళు ఎటూ ఒరగలేదు. బ్రహ్మాండం అనుకుని లారీ ఎక్కించింది. లారీ మలుపు తిరిగాక గానీ ఆమెకి తట్టలేదు. ఈ నేల మీద నీళ్ళు సమంగా నిలిచాయంటే కాళ్ళు సమంగా లేనట్టే కదా!

"మామయ్యా, వెనక కాళ్ళు..."

పెద్దాయన తన చేతులకేసి చూసుకున్నాడు. "అయ్యో, చేతులు వాటి దారిన అవి కోసేశాయమ్మా," అన్నాడు.

మర్నాడే ఆఫీసరు ఫోను. "ఏం కుర్చీలమ్మా ఇవి? కూర్చున్నవాడు కూర్చున్నట్టే బల్ల కిందికి జారుతున్నాడు! మీ ఊరివాళ్ళకి పనివ్వడం నాదే బుద్ధితక్కువ. సోమవారం అన్నీ వెనక్కి పంపిస్తున్నా."

మామగారు ఆ రోజు అన్నం ముట్టలేదు. రంపాలకి నూనె రాసి, అమ్మకానికి పెట్టేవాడిలా వరసగా పేర్చాడు. కోడలికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎవరి మీద కోపమో తెలియలేదు. సోమవారం పొద్దుటి నుంచి లారీ చప్పుడు వినిపించినప్పుడల్లా ఆమె గుమ్మంలోకి పరిగెత్తింది. లారీ రాలేదు. మంగళవారమూ రాలేదు.

బుధవారం ఆఫీసరే వచ్చాడు. మనిషి పీక్కుపోయి ఉన్నాడు. మామగారు లేచి నిలబడ్డాడు. "తప్పు నాదే బాబూ, అమ్మాయిని ఏమీ అనకండి."

ఆఫీసరు జేబులోంచి పెన్ను తీసి బల్లమీద పెట్టి, దొర్లకుండా రెండో చేత్తో అడ్డం పట్టుకున్నాడు. కోడలు ఆ చేతికేసే చూసింది. నగరం నుంచి వచ్చినవాళ్ళెవరూ అలా పట్టుకోరు.

"ఎప్పట్నుంచి సార్?" మెల్లగా అడిగింది.

"ఆదివారం రాత్రి నుంచి," అన్నాడాయన. "దక్షిణాన కొత్త రేవు కట్టారు కదా, మాకంటే లోతెక్కువట. పెద్ద ఓడలన్నీ అటే పోతున్నాయి. మా పక్క ఆఫీసు కూడా ఆదివారమే సామాను సర్దుకుని పోయింది. ఇప్పుడు మీ కుర్చీలు మాత్రమే సరిగ్గా నిలబడుతున్నాయి. ఇంకా కావాలి. బల్లలు కూడా చేస్తారా?"

మామగారు రంపం అందుకున్నాడు. కొట్టు నిలిచింది. ఎగిరి గంతెయ్యాలనిపించింది కోడలికి. కానీ ఆఫీసరు గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"ఒకటడుగుతానమ్మా. మీరంతా నిద్దరెలా పోతారు?"

ఆమెకి జాలేసింది. ఇన్నాళ్ళూ ఆ మాట తమనెవరూ అడగలేదు.

"ఎత్తువైపు తల పెట్టుకోండి సార్," అంది. "పిల్లలుంటే మంచానికి అడ్డంగా దిండు పెట్టండి. కొన్నాళ్ళకి అలవాటైపోతుంది."