బెల్లానికి సరిపడా నిశ్శబ్దం

కుక్కర్ విజిల్ వేసినప్పుడల్లా మా కుక్క కాస్త తగ్గుతుంది. చిక్కిపోవడం కాదు, మొత్తం కుక్కే తగ్గుతుంది. చట్నీకి మిక్సీ వేస్తే కాళ్ల దగ్గర కొంత పోతుంది. పైవాళ్లు కుర్చీ ఈడిస్తే వీపు మీద కొంత పోతుంది. దాని పేరు బెల్లం, రంగుని బట్టి పెట్టుకున్న పేరు. తెచ్చుకున్న కొత్తలో నా మోకాలి దాకా వచ్చేది. ఇప్పుడు పిల్లికన్నా చిన్నగా ఉంది. రోజంతా మంచం కింద దూరి వణుకుతూ ఉంటుంది.

కాకినాడలో మాది మూడో అంతస్తు. ఈ అపార్ట్‌మెంట్ కట్టినవాడు గోడలకి సిమెంట్ వాడాడో అప్పడాల పిండి వాడాడో నాకు తెలియదు. ఒకరింట్లో ఆవాలు చిటపటలాడితే అందరిళ్లలోనూ పోపు పడ్డట్టే. మనుషులం కాబట్టి సర్దుకుపోతాం. బెల్లానికి సర్దుకుపోవడానికి ఇంక ఒళ్లు మిగలడం లేదు.

పశువుల డాక్టరు దాన్ని బల్ల మీద నిలబెట్టి, చెవుల్లోకి చూసి, "భయం" అంటాడు. "దీనికి మందు లేదండి. చప్పుళ్లు అలవాటు చెయ్యాలి. ముందు చిన్నది, తర్వాత పెద్దది. చప్పుడైనప్పుడల్లా ఓ బిస్కెట్ పెట్టండి."

"చప్పుడైతే తగ్గిపోతోందండీ."

"అలవాటయ్యేదాకా మిగిలితే చాలండి" అంటాడు. మాట న్యాయంగానే ఉంది.

ఆయన చెప్పినట్టే చేస్తాను. గరిటెతో పళ్లెం మీద మెల్లగా కొట్టి బిస్కెట్ పెడతాను. బెల్లం వణుకుతూనే తింటుంది, తింటూనే తగ్గుతుంది. బిస్కెట్ దాని మొహం కన్నా పెద్దదైన రోజున నా ప్రాణం ఉసూరుమంటుంది. దీపావళి ఇంకా రావాలి. ఈ లెక్కన దీపావళికి మా ఇంట్లో కుక్క ఉండదు. పిల్లాపీచూ లేని ఇంట్లో నా వెనకాల తిరిగే ప్రాణి ఇదొక్కటే. దీన్ని పోనివ్వను.

కుక్కని మార్చలేనప్పుడు ఇంటినే మార్చాలి. స్టీలు గిన్నె ఒకటి తీసుకుని కుక్కర్ పక్కన నిలబడతాను. విజిల్ లేవబోయే క్షణంలో గిన్నె అడ్డం పెడతాను. కూత గిన్నెలో పడుతుంది. వెచ్చగా, సరిగ్గా తోడుకోని పెరుగులా కదులుతూ ఉంటుంది. మూత పెట్టేస్తాను. ఆ తర్వాత మా కుక్కర్ ఆవిరి వదులుతుంది గానీ నోరు మెదపదు. బెల్లం మంచం కింద నుంచి తల బయటపెట్టి చూస్తుంది.

కూతని పారెయ్యడానికి మనసొప్పదు. మా కిందింట్లో కనకరత్నం గారుంటారు. భర్త పోయినప్పటి నుంచి ఆవిడ ఇంట్లో ఏ వస్తువూ చప్పుడు చెయ్యడం లేదు. ఫ్యాను తిరుగుతుంది, వినపడదు. గ్లాసు జారిపడితే కాలికి తగిలేదాకా తెలియదు.

"ఆయన పోతూ పోతూ అన్నీ పట్టుకుపోయారమ్మా, హైమా" అంటారు ఆవిడ.

"మీకు కూత తెచ్చానండి, పిన్నిగారూ."

మూత ఓరగా తీసి చెవి దగ్గర పెట్టుకుంటారు. ఆవిడ కళ్లు తడుస్తాయి. "మంచి కూతే. పాత కుక్కరా?"

"మా అమ్మ ఇచ్చిందండి."

"అదీ. పాతవాటికే గొంతుంటుంది."

మర్నాడు గిన్నె తిరిగొస్తుంది. ఖాళీ గిన్నె తిరిగివ్వడం మన ఇళ్లలో లేదు కదా, చిటికెడు పంచదారైనా వేసి ఇస్తారు. కనకరత్నం గారింట్లో పంచదార వాడరు. అందుకని పోయిన భర్త దగ్గు ఒకటి వేసి తెస్తారు.

"ఇదొక్కటే మిగిలిందమ్మా. బీరువాలో ఆయన చొక్కాల వెనకాల దొరికింది. ఖాళీ గిన్నె నీ చేతిలో ఎలా పెట్టను?"

గిన్నె తీసుకుంటాను. ఆవిడ అటు వెళ్లగానే మూత జారుతుంది. దగ్గు హాల్లో పడి, సోఫా చుట్టూ తిరిగి, వంటింటి గట్టుకి చేరగిలబడి, ఆగి ఆగి దగ్గుతుంది. కఫం తెగని దగ్గు. చీపురు పట్టుకుని తరిమి, బాత్రూంలోకి నెట్టి గడియ పెట్టేసరికి బెల్లం ఉడుతంత అయిపోయింది. నాకు ఒళ్లు మండుతుంది. మర్యాదలు మనుషులకి బాగానే ఉంటాయి.

ఆ రోజు నుంచి గిన్నెల్లో ఇవ్వడం మానేస్తాను. కవర్లలో కట్టి ఇస్తాను. కవరు తిరిగివ్వక్కర్లేదు. బాత్రూంలో దగ్గు, మిక్సీ రొద, ఫ్రిజ్ మూలుగు, కాలింగ్ బెల్లు, కుళాయి చుక్కలు, తలుపుల కిర్రు అన్నీ కిందికి దింపుతాను. పైవాళ్ల కుర్చీల చప్పుడుని మా సీలింగ్ నుంచి బూజు దులిపినట్టు దులిపి అదీ ఇచ్చేస్తాను. కనకరత్నం గారిల్లు పెళ్లివారిల్లులా మోగుతుంది. ఆ ఇంటి గోడలు ఎన్నాళ్లుగానో ఆకలి మీదున్నాయి, ఒక్క చప్పుడూ పైకి రానివ్వవు.

మిగిలింది మా ఆయన గురక. సోమేశ్వరం గారు ఆదివారం మధ్యాహ్నం పప్పన్నం తిని వాలారంటే కిటికీ ఊచలు ఊగుతాయి. కనకరత్నం గారే అడుగుతారు, "గురకుంటే ఇవ్వమ్మా, గురక లేని ఇంట్లో నాకు కన్ను మూతపడదు" అని. ఆయన ముక్కు దగ్గర కవరు పెట్టి, నిండగానే ముడి వేసి ఇచ్చి వస్తాను. నేను తిరిగొచ్చేసరికి ఆయన లేచి కూర్చుని ఉంటారు.

"నా గురకేది?"

"కింద పిన్నిగారికి ఇచ్చాను."

"నాతో ఓ మాట చెప్పక్కర్లేదా?"

"నిద్రపోతున్నారు కదండీ."

ఆయన దిండు చంకలో పెట్టుకుంటారు. "అది అక్కడుంటే నేనిక్కడ ఎలా పడుకోను?" అని కిందికి వెళ్లిపోతారు. ఇన్నేళ్ల కాపురం గురక మీద నిలబడి ఉందని నాకిప్పుడే తెలుస్తోంది. ఏడుపు వస్తుంది. వెక్కితే బెల్లం తగ్గుతుందని కొంగు నోట్లో కుక్కుకుంటాను.

ఇప్పుడు ఇంట్లో చప్పుడు లేదు. బెల్లం మంచం కింద నుంచి వచ్చి హాలు మధ్యలో కూర్చుంటుంది. తోక ఊపుతుంది. నేను సంతోషం పట్టలేక "బెల్లం" అని పిలుస్తాను. అది అదిరిపడి కుంకుడుకాయంత అవుతుంది.

ఎంత ప్రేమగా పిలిచినా పిలుపు చప్పుడే. గాజులు తీసేస్తాను. పాదాలకి పాత చీర చుట్టుకుంటాను. గొంతుని కవర్లోకి వంచే ముందు కనకరత్నం గారి గుమ్మంలో నిలబడి చెప్పాల్సింది చెప్పేస్తాను.

"నా గొంతు కూడా ఉంచండి, పిన్నిగారూ."

"ఏం, పాడతావా?"

"కసురుతానండి."

"అయితే మరీ మంచిది. నన్ను కసిరేవాళ్లే లేరు" అని ఆవిడ కవరు పట్టుకుంటారు. ఆవిడ వెనకాల గదిలో మా ఆయన తన గురక పక్కన హాయిగా నిద్రపోతున్నారు. నేను చూసీ చూడనట్టు మెట్లెక్కుతాను.

నేల మీద పడుకుంటే బెల్లం నా రొమ్ము మీదికి ఎక్కి ముడుచుకుంటుంది. అప్పుడు తెలుస్తుంది, ఇంకో చప్పుడుందని. నా గుండె కొట్టుకున్నప్పుడల్లా అది తగ్గుతోంది. కుంకుడుకాయంత నుంచి కందిగింజంత అవుతోంది. దాని కళ్లు ఎక్కడున్నాయో ఇక కనపడవు. ఆలోచించడానికి వ్యవధి లేదు. ఎడం పక్కన కవరు ఆనించి, ఊపిరి బిగబట్టి గుండె చప్పుడుని అందులోకి దించుతాను. అది నేననుకున్నంత బరువుగా లేదు. ఈసారి తలుపు తట్టే పని పెట్టుకోకుండా, పాల ప్యాకెట్లు తగిలించినట్టు కనకరత్నం గారి తలుపు గొళ్లేనికి తగిలించి వచ్చేస్తాను.

మళ్లీ పడుకుంటాను. ఆవగింజంత బెల్లం నా మెడ మీదుగా నడిచి, చెవిలోకి దిగుతుంది. లోపల ఏ చప్పుడూ లేదు. అది తిరిగి చూసుకుంటుంది, ఒళ్లు విరుచుకుంటుంది, పెరగడం మొదలుపెడుతుంది. దాని తోక నా పక్కటెముకల వెనక మెత్తగా తగులుతూ ఉంటుంది. చోటు చాలకపోతే నా ఎముకలు కాస్త జరుగుతాయి. బతికిందిరా తల్లీ అనుకుంటాను. నాకింత సంతోషం ఎప్పుడూ లేదు.

సోమేశ్వరం గారు తువ్వాలు కోసం పైకి వస్తారు. వెనకాలే కనకరత్నం గారు. ఆయన నేల మీద నన్ను చూసి, వంగి, రొమ్ముకి చెవి ఆనించి వింటారు.

"హైమ పోయిందండీ" అంటారు.

చెయ్యి ఊపి కాదంటాను. ఆయన ఆ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా కింద పెడతారు. "పాపం, ఇంకా పనుందనుకుంటోంది."

"చప్పుడు లేని మనిషిని ఇంట్లో ఎలా ఉంచుకుంటారు బాబూ. కిందికి దింపించండి" అంటారు కనకరత్నం గారు.

నన్ను సెల్లార్లోకి దింపి, స్కూటర్లు జరిపి, ఫ్రీజర్ పెట్టెలో పడుకోబెడతారు. పెట్టె మోటారు గుర్రుమంటుంది. బెల్లం నా కడుపులో ఒక మూలకి జరుగుతుంది. అపార్ట్‌మెంట్ వాళ్లంతా వచ్చి అద్దంలోంచి నన్ను చూసి, తమ బళ్లు బయటికి తీసుకోవడానికి దారుందో లేదో కూడా చూసుకుంటారు. కనకరత్నం గారు నా గొంతున్న కవరు తెచ్చి, అందరూ ఆఖరిసారి వినాలని ముడి విప్పుతారు. "చెప్పులు బయట విడవండి, ఎన్నిసార్లు చెప్పాలి" అంటుంది నా గొంతు. మా ఆయన బావురుమంటారు. ఆ ఏడుపు నిజమే. నాకు జాలేస్తుంది. లోపల బెల్లం ఇంకొంచెం తగ్గుతుంది.

నన్ను పెట్టెలోంచి తీసి పాడె మీదికి మారుస్తారు. అప్పుడు డప్పులు వస్తాయి.

మొదటి దెబ్బకి బెల్లం చెవులు నా గొంతు కింద నిక్కపొడుచుకుంటాయి. రెండో దెబ్బకి గోడ నుంచి గోడకి కొట్టుకుంటుంది, ఆ గోడలు నేనే. ఆపండి అనాలి, అనడానికి గొంతు కనకరత్నం గారి చేతిలో ఉంది. పాడె మీద లేచి కూర్చుని రెండు చెవులూ మూసుకుంటాను. మోసేవాళ్లలో ఒకాయన "కొందరు కూర్చునే వెళ్తారు" అని పట్టు సర్దుకుంటాడు. ఇంకొకాయన నా చేతులు తీసి ఒడిలో పెడతాడు. నాకు భయమేస్తుంది, నా కోసం కాదు. ఇంట్లో అయితే ఏ చప్పుడైనా తీసి ఇంకొకరికి ఇవ్వొచ్చు. వీధిలో డప్పుని ఎవరికిస్తాను?

బెల్లం తవ్వడం మొదలుపెడుతుంది.

ముందు కాళ్లతో, నా గుండె ఉండే చోటికి కాస్త కింద, వడివడిగా తవ్వుతుంది. ఏదో నల్లగా, తడిగా నా గొంతులోకి ఎగదన్ని వస్తుంది. నోట్లో వేసిన బియ్యాన్ని తోసుకుని పెదవుల మీదికి మట్టి రాలుతుంది. గేటు దగ్గర ఆగిపోయిన కనకరత్నం గారు "ఇంత మట్టుందా ఈ పిల్లలో" అని నోరు నొక్కుకుంటారు. మా ఆయన కుండ పట్టుకుని ముందు నడుస్తున్నారు. వెనక్కి తిరిగి చూడకూడదు, అందుకని చూడరు. పేలాలు చల్లేవాళ్లు చల్లుతున్నారు. వాటి మీద మట్టి పడుతోంది.

గొయ్యి లోతవుతోంది. నాలుక చివరతో దాని అంచు తడిమి చూస్తాను, చల్లగా ఉంది. బెల్లం ఎక్కడో దూరంగా, నా నడుము కన్నా, పాడె కన్నా, తారు రోడ్డు కన్నా కింద ఉంది. దాన్ని ఒక్కదాన్నే అంత లోతుకి ఎలా పంపను? కాళ్లు ముడుచుకుంటాను. నా నోట్లోంచే లోపలికి, మోచేతులు ఆనించుకుంటూ దిగుతాను. పైన పాడె తేలికవుతుంది. మోసేవాళ్లు భుజం మార్చుకుంటారు.

కింద బెల్లం నా వైపు చూడదు. దాని గోళ్లు అరిగి నెత్తురు వస్తోంది. డప్పు ఇక్కడికీ వినిపిస్తోంది. నేను దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో మట్టి తోడి వెనక్కి విసురుతాను. పైన వీధిలో ఆ మట్టి ఇప్పుడు మా ఆయన నోట్లోంచి రాలుతోంది, పాడె మోసేవాళ్ల నోళ్లలోంచి, డప్పులు కొట్టేవాళ్ల నోళ్లలోంచి రాలుతోంది. వాళ్లెవరూ ఆగరు. వాళ్లు కొడుతూ ఉంటారు, మేము తవ్వుతూ ఉంటాం.