నాజ్నీన్ పక్క సీటు

ఇంత గొడవలోనూ దుపట్టా ఇస్త్రీ చేసుకుని మరీ వచ్చింది చూడు, ఒక్క మడత నలగలేదు, అనుకుంది కరుణ, షార్జాలో ఆ పార్కింగ్ కాంట్రాక్టరు ఆఫీసులో ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని, పక్క కుర్చీలో నాజ్నీన్ కారు తాళాలను గుప్పిట్లో పట్టుకుని ఉంది, ఆ తాళాలు రేపటి నుంచి ఎవరి దగ్గరుంటాయో ఈ గదిలోనే తేలాలి, దుబాయి జెబెల్ అలీలోని వాళ్ళ ఆఫీసులో అడ్మిన్ మేనేజరు సుబ్బరాజు పొద్దున్నే ఇద్దర్నీ పిలిచి చెప్పేశాడు, చూడమ్మా నాజ్నీనూ, ప్రైవేటు పార్కింగ్ వాళ్ళు కంపెనీ కారు చక్రానికి దిమ్మ బిగించి, కంపెనీ పేరున బిల్లు పంపడమంటే నాకు తలవంపులు, తప్పు వాళ్ళదైతే వెళ్ళి ఆ బిల్లు రద్దు చేయించుకురా, కాదంటావా, తాళాలు నా బల్ల మీద పెట్టేసి బస్సులో రా, అని, తర్వాత కరుణ వైపు తిరిగి, నువ్వూ ఆ కార్లోనే ఉన్నావటగా, సాక్షివి నువ్వే, నువ్వూ వెళ్ళు, అన్నాడు, సాక్షి అన్న మాట చెవిన పడినప్పటి నుంచి కరుణ గుండెలో ఒక మూల చల్లగా తియ్యగా ఉంది, అలా ఉన్నందుకు సిగ్గుగానూ ఉంది, కానీ సిగ్గు కన్నా తీపే ఎక్కువగా ఉంది.

బస్సులో నాజ్నీన్ ఎలా ఉంటుందో కరుణ ఊహించుకుంటూనే ఉంది, తెల్లవారకముందే రోడ్డు పక్కన నిలబడి, పొద్దున్నే మొదలయ్యే ఉక్కకు మెడ వెనక చెమట కారుతుంటే, కంపెనీ మినీబస్సు ఎక్కి, వెనక సీట్లలో మగవాళ్ళ నిద్రవాసనలో కిటికీకి తల ఆనించి, అప్పుడా దుపట్టా ఇలా ఉంటుందా, కారు పోతే తనూ ఆ బస్సే ఎక్కాలి, తెలుసు, నాజ్నీన్ కారులో పక్క సీటు తనది, కారు లేకపోతే ఆ సీటూ లేదు, అయినా పర్లేదు, ఇద్దరూ ఆ ఉక్కలో నిలబడితే ఆ ఉక్క కూడా బాగుంటుందనిపిస్తోంది, ఆఫీసులో ముందు చేరింది తను, పోర్టు కాగితాలెలా నింపాలో నాజ్నీన్‌కి నేర్పింది తను, కానీ బయట తిరిగే పనికి కారిస్తామన్నప్పుడు లైసెన్సు ఎవరికుంది అని అడిగారు, నాజ్నీన్ చెయ్యెత్తింది, రెండోసారికే టెస్టు పాసైపోయి వచ్చి క్యాంటీన్లో అందరికీ బక్లావా మిఠాయి పంచిన మనిషి, కరుణ అప్పటికే ఎన్నిసార్లు ఫెయిలైందో లెక్కపెట్టడం మానేసింది, ప్రతిసారీ పక్కన కూర్చున్న పోలీసు ఖలాస్ అనడం, తను దిగిపోవడం, ఇంటికి రాగానే దయాకర్ మొహం చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోవడం, అదీ అసలు మంట, దయాకర్, ఇండస్ట్రియల్ ఏరియాలో గ్యారేజీ ఫోర్‌మన్, తన మొగుడు, శుక్రవారం పొద్దున తమ బిల్డింగు కింద నాజ్నీన్ కారు బానెట్ ఎత్తి ఎవరూ అడక్కుండానే ఆయిలు చూస్తాడు, నాజ్నీన్ పక్కన నిలబడి, అన్నా ఇదేంది, అన్నా ఆ చప్పుడు యాడినుంచి వస్తంది అని అడుగుతుంటే విసుగు లేకుండా చెప్తాడు, పైకొచ్చి చేతులు తుడుచుకుంటూ, గామెను జూడు కరుణా, రివర్సుల సుత ఎంత నీటుగ దీస్తదో, నువ్వెందుకు గంత భయపడ్తవ్, అంటాడు, ఆ మాటలో వెక్కిరింత లేదని తెలుసు, అది లేకపోవడమే ఎక్కువ నొప్పి, ఒక శుక్రవారం కిందికి టీ తీసుకెళ్ళినప్పుడు అంచు పగిలిన కప్పు వెతికి మరీ నాజ్నీన్ చేతికిచ్చింది, నాజ్నీన్ గమనించనైనా లేదు, పగిలిన అంచును అటు తిప్పుకుని తాగి, టీ బావుందక్కా అంది.

సూడండి మేడం, అంటున్నాడు బల్ల అవతలి మనిషి, జానీ బాషా అట, కడప వైపు మనిషి, మాటలోనే తెలుస్తోంది, కారుకి దిమ్మ బిగించిన ఆ బిల్డింగు పార్కింగంతా ఇతని చేతి కింద ఉంది, మా కాడ రూలు ఒగటే, అద్దెకుండేటోళ్ళకే పార్కింగు, గేటు కాడ ఇంత పెద్ద బోర్డుండాది, మీరు సదువుకున్నోళ్ళు, సూడకుండా పెట్టేసి పోతే మేమేం జెయ్యాల, అంటున్నాడు, అక్కడ బోర్డేం లేదు అన్నా, నేను చూసుకునే తిప్పా బండిని, మీ వాచ్‌మనే గొలుసు దించి లోపల పెట్టుకోమన్నాడు, అంటోంది నాజ్నీన్, గొంతు పెంచకుండా, నెల్లూరు వాళ్ళకుండే ఆ సాగదీతతో, దయాకర్‌తో మాట్లాడినా ఇదే గొంతు, సుబ్బరాజుతో మాట్లాడినా ఇదే, ఆ వేళ డెంటల్ క్లినిక్‌లో తన పన్ను పీకుతుంటే చెయ్యి పట్టుకుని, అయిపోయిందక్కా, ఇంకొక్క నిమిషం, అన్నదీ ఇదే గొంతుతో, అవును, కారక్కడ ఆపింది తన కోసమే, దవడ వాచిపోయి జెబెల్ అలీ నుంచి దారంతా మూలుగుతూ వస్తే, ఇంటికెళ్ళే దారి వదిలేసి ఆ క్లినిక్ పక్కన ఆపింది నాజ్నీన్, బయటికొచ్చేసరికి ముందు చక్రానికి పసుపుపచ్చ ఇనుప దిమ్మ, కంపెనీ పేరు రాసుకున్నాకే విప్పారు, సుబ్బరాజు దగ్గర కరుణక్క పన్ను నొప్పి అని ఒక్క మాట కూడా చెప్పలేదు నాజ్నీన్, నేనే ఆపాను సార్, అంది అంతే, ఎందుకు చెప్పలేదు, మంచితనంలో కూడా తనే ముందుండాలనా, ఆ మంచితనం చూస్తే కృతజ్ఞత రావాలి కదా, రావడం లేదు, పీకేసిన పంటి చోట నాలుక పెట్టి చూసుకుంటే ఇంకా పచ్చిగానే ఉంది.

మా వాచ్‌మన్ అట్ల జెప్పడమ్మా, జెప్తే వాని ఉద్యోగం పోతాది, అని జానీ బాషా ఇటు తిరిగాడు, ఈ మేడం గూడా బండిలోనే ఉన్న్యారంటిరి గదా, మీరు జెప్పండి మేడం, బోర్డు సూసినారా లేదా, అని అడిగాడు, నాజ్నీన్ తల తిప్పలేదు, చెప్పక్కా అనలేదు, గుప్పిట్లో తాళాలు మాత్రం ఒకసారి గలగలమన్నాయి, కరుణ పొద్దుటి నుంచీ ఒక మాట తయారుగా పెట్టుకుంది, నాకు గుర్తు లేదండీ, అది అబద్ధం కూడా కాదు, ఎవరూ తప్పుపట్టలేరు, నొప్పితో ఉన్నాను, గుర్తు లేదు, ఆ నాలుగు మాటలకే తాళాలు సుబ్బరాజు బల్ల మీదికి వెళ్ళిపోతాయి, నోరు తెరిచింది, తెరిచాక నిజంగానే గేటును గుర్తు తెచ్చుకోబోయింది, బోర్డు ఉందా, ఎటువైపు, గోడ ఏ రంగు, ఏదీ కనపడలేదు, ఎంత వెతికినా గేటు ఉండాల్సిన చోట నాజ్నీనే కనపడుతోంది, నాజ్నీన్ ఎడమ చెయ్యి కిటికీ అద్దం దించడం, స్టీరింగు మీద కుడి చేతి గాజు మోచేతి వైపు జారడం, మెడ కొంచెం బయటికి పెట్టి వాచ్‌మన్‌తో మాట్లాడటం, చూడు ఎంత హాయిగా అడుగుతోందో అని తను దవడ పట్టుకుని ఆ భుజం మీదుగా కుళ్ళుకుంటూ చూడటం, అంత నొప్పిలోనూ, అంతే, ఆ చూపు చూసిందంతా ఉన్నదున్నట్టు నోట్లోంచి వచ్చేసింది, బోర్డు సంగతి నాకు తెల్వదన్నా, నేను చూడలే, కానీ మీ వాచ్‌మన్‌ను చూసిన, బొటనవేలికి నీలం గుడ్డ కట్టుకున్నడు, క్లినిక్ కా పార్కింగ్ హై క్యా భాయ్ అని ఈమె అడిగింది, హాఁ హాఁ, అందర్ లగావో అన్నడు, గొలుసు కిందికి దించి కాలుతోటి తొక్కిపట్టి చెయ్యూపిండు, మేం అడిగే పోయినం, దొంగతనంగ పోలే.

జానీ బాషా లేచి, తలుపు తీసి వాచ్‌మన్‌ని కేకేశాడు, వచ్చినవాడి బొటనవేలికి నీలం గుడ్డ అలాగే ఉంది, మాసి నల్లబడింది, బోలా థా క్యా, పెట్టుకోమని చెప్పావా అని గద్దిస్తే వాడు తల వంచుకుని, సాబ్, వో మేడం దాంత్ పకడ్ కే రో రహీ థీ, మైనే సోచా దో మినట్ కా కామ్ హై, అన్నాడు, తనవైపే చూపిస్తూ, పన్ను పట్టుకుని ఏడుస్తోందట, రెండు నిమిషాల పనే కదా అని రానిచ్చాడట, తను ఏడ్చిందా, ముక్కూ మొహం తెలీని వాచ్‌మన్ కూడా తనని చూశాడు, జాలిపడ్డాడు, తను మాత్రం వాణ్ణి నాజ్నీన్‌కి అవతల నిలబడ్డ మనిషిగానే చూసింది, జానీ బాషా విసుగ్గా నవ్వి, ఖలాస్, యల్లా, పో నువ్వు, అని వాణ్ణి పంపేసి, బిల్లు మీద అడ్డంగా గీత గీసి సంతకం పెట్టాడు, ఆయన్నేం అనమాకన్నా, మంచికే చేశాడు, అంది నాజ్నీన్, ఆ మాట తనకెందుకు ముందు తట్టలేదని మళ్ళీ ఒక ముల్లు గుచ్చుకుంది కరుణకి, ఈ ముల్లు అంత తేలిగ్గా పోయేది కాదు.

కారు బయల్దేరాక నాజ్నీన్ పెద్దగా ఊపిరి వదిలింది, అమ్మయ్య, బతికించావక్కా, ఎంత బాగా గుర్తుపెట్టుకున్నావు, వేలికి గుడ్డ కట్టుకున్న సంగతే నాకు తెలవదు, నేను గొలుసూ, గేటూ, వెనకొచ్చే బండీ చూసుకుంటా ఉన్నా, నువ్వెట్టా చూశావక్కా అంది, కరుణకిది పొగడ్త కాదు, నాజ్నీన్‌కి తెలీకుండానే వేసిన ప్రశ్న, ఎలా చూసింది, రోజూ అలాగే చూస్తోంది కాబట్టి, ఏడాది పైన అయింది ఈ సీట్లో కూర్చోబట్టి, షార్జా నుంచి జెబెల్ అలీ దాకా, మళ్ళీ వెనక్కి, నాజ్నీన్ గురించి అడిగితే కళ్ళు మూసుకుని చెప్పగలదు, గేరు మార్చేటప్పుడు పెదవి కొరుక్కుంటుందనీ, లేను మారేముందు గడ్డం ఎత్తుతుందనీ, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే దుపట్టా కొసను వేలికి చుట్టుకుంటుందనీ, మరి రోడ్డు గురించి అడిగితే, బ్రిడ్జి దాటాక ఎన్నో ఎగ్జిట్ తీసుకోవాలి, మెట్రో కోసం తవ్విన చోట లేను ఎటు మళ్ళింది, గుండ్రటి సర్కిల్ దగ్గర ముందు ఎవరికి దారివ్వాలి, ఏమీ తెలీదు, ఒక్కటీ తెలీదు, ముందు కారు బ్రేకు లైటు ఎర్రగా వెలిగి ఆరింది, ఎడమ నుంచి ఒక లారీ దారి అడుగుతోంది, పక్కన నాజ్నీన్ ఏదో చెప్తూనే ఉంది, కరుణ ఆమె వైపు తిరగలేదు, టెస్టులో తనని ఫెయిల్ చేసింది పోలీసూ కాదు, భయమూ కాదు, ఇన్నాళ్ళూ ఈ సీట్లో కూర్చుని తను ఒక్కసారి కూడా రోడ్డు చూడలేదు, నాజ్నీన్‌నే చూసింది.