కుంచం తండ్రి

జముకు నరానికి ఆముదం పట్టించేటప్పుడు పోతన్న గోడవైపు తిరిగి కూర్చుంటాడు. ఎవరైనా చూస్తే దిష్టి తగులుతుందని కాదు, వచ్చేపోయేవాళ్ల మొహాలు తను చూడక్కర్లేకుండా. ఆ పొద్దున కూడా గొంతుక్కూర్చుని, జముకును మోకాళ్ల మధ్య ఇరికించుకుని, నరాన్ని రెండు వేళ్ల నడుమ పట్టి పైనుంచి కిందికి తోముతున్నాడు. నల్లగా, పొట్టిగా, మెడ లేనట్టుగా ఉంటాడు. బెల్లం దిమ్మలు మోసి మోసి తల భుజాల్లోకి దిగిపోయింది. ఎడమ చంకలో వెంట్రుకలన్నవి లేవు. అక్కడి చర్మం కాయకట్టి, చెప్పు అట్టలాగా నున్నగా మెరుస్తుంటుంది.

జముకు అంటే పెద్ద సరంజామా ఏమీ కాదు. ధాన్యం కొలిచే ఇత్తడి కుంచం, అడుగు కోసేసినది. ఒక మూతికి మేకతోలు బిగించి, తోలు నడిమధ్య నుంచి మేకపేగుతో పేనిన నరాన్ని లోపలగుండా ఇవతలికి తీసి, కొసన ఒక పుల్ల కడతారు. కుంచాన్ని ఎడమ చంకలో పెట్టుకుని, ఆ చేత్తోనే పుల్లను లాగి పట్టి, కుడిచేత్తో నరం మీటితే బుంయ్ మంటుంది. పుల్ల లాగినకొద్దీ శ్రుతి పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. ఇంతే విద్య. ఇంత విద్యకే పోతన్నకి ఉన్న పొగరు అంతా ఇంతా కాదు. తోలుని వరిగడ్డి మంట మీదే కాచాలంటాడు. తాటాకు మంట పనికిరాదంటాడు, ఎందుకని అడిగితే తిడతాడు. ఊడుస్తూ ఊడుస్తూ జముకుకి చీపురు తగిలించిందని ఒకసారి పెళ్లాం అప్పలనర్సమ్మని వీధిలో నిలబెట్టాడు.

వీధిలో పిల్లులన్నీ ఆ నరం వాసనకి అతని గుమ్మం చుట్టూ తిరుగుతాయి. కటికవాడి దగ్గర ఏరికోరి తెచ్చి, ఉప్పునీళ్లలో నానబెట్టి, నీడన ఆరబెట్టి పేనిన పేగు మరి. వాటికోసం పోతన్న పక్కన ఎప్పుడూ గులకరాళ్లు ఉంటాయి. పిల్లులకనే చెప్తాడు గాని, ఆ రాళ్లు పిల్లలకి తగిలి తల్లులు పోట్లాటకి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

ఇది అతనికి కులవృత్తి కాదు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మలు దించే కళాసీ. జాతరలకీ పెళ్లిళ్లకీ మార్కెట్లో ముగ్గురు కలిసి సరదాకి కట్టుకున్న జట్టు ఇది. కథ చెప్పేవాడు సత్తియ్య, అప్పలనర్సమ్మకి సొంత అన్న, అదే మార్కెట్లో కాటాదారు. తాళం వేసేవాడు మత్స్యరాజు. రాజయ్యపేటలో సముద్రాన్ని వదిలేసి వచ్చి ఇక్కడ బెల్లం బళ్లు తోలుకుంటున్నాడు. జముకు మీటుతూ వంత పాడేవాడు పోతన్న. ఇందులో సరదా ఎప్పుడో పోయింది, జట్టు మాత్రం మిగిలింది.

యుద్ధం మొదలైన ఏడు పోతన్నా సత్తియ్యా మాటలు మానేశారు. యుద్ధం అయిపోయింది. కిరసనాయిలు ఇంకా కోటాలోనే ఇస్తున్నారు, మంచి గుడ్డ దొరకడం లేదు, వీళ్లిద్దరికీ మాటలూ లేవు. అయినా కథ ఆగలేదు. ఎందుకంటే జముకుల కథకి ఒక పద్ధతి ఉంది. చెప్పేవాడు కథని ఒక చిక్కులోకి తెచ్చి ఆపుతాడు. వంతవాడు "ఆపైన ఏటయ్యింది బావా?" అని అడగాలి. అడిగేదాకా చెప్పేవాడు నోరు విప్పకూడదు. ఏడాది పొడుగునా పోతన్న సత్తియ్యతో అనే మాట ఆ ఒక్కటే, అదీ వేదిక మీద.

ఆ ఒక్క మాటతోనే బావని వేపుకు తింటున్నాడు. అడగాల్సిన చోట వెంటనే అడగడు. చంకలో కుంచాన్ని సర్దుకుంటాడు, గొంతు సవరించుకుంటాడు, ఆకాశం చూస్తాడు. సత్తియ్య నోరు తెరుచుకుని నిలబడి ఉంటాడు. పాట వచ్చినప్పుడు పుల్లని కొంచెం కొంచెంగా లాగుతూ శ్రుతి పెంచేస్తాడు, సత్తియ్య గొంతు నరాలు బయటికొచ్చేదాకా. అలా చేయకు అని సత్తియ్య చెప్పలేడు. చెప్పాలంటే మాట్లాడాలి కదా. జనానికి ఈ సంగతంతా తెలుసు. కథ వినడానికి కొందరొస్తారు, ఈ తగువు చూడటానికి మిగతా అందరూ వస్తారు.

ఆముదం పని ముగిసేసరికి మత్స్యరాజు గుమ్మంలో నిలబడ్డాడు. ఇటు మాట అటూ అటు మాట ఇటూ చేరవేసి అతని బతుకు టపాబంట్రోతు బతుకైపోయింది. ఆ వేళ కొత్తమావాస్య జాతర, మధ్యాహ్నం గవరపాలెంలో కథ ఉంది. సత్తియ్య కబురు అంతకన్నా ముందొచ్చింది.

"మావా, సత్తియ్య సెప్పమన్నాడు. ఈ ఏల గాని నువ్వు సుతి లాగీసినా, మాట అడక్కండా సతాయించినా, ఇదే ఆకరట. ఎలమంచిలి నుంచి ఇంకోడ్ని తెచ్చీసుకుంతాడట."

పోతన్న గోడవైపు నుంచి తిరగలేదు. నరాన్ని ఒకసారి మీటాడు.

"ఆడికి నోరు నేదా? జనం ముందర నన్నన్నాడు. జనం ముందరే 'అడుగు బావా' అని నన్ను బతిమాలాల. అందాకా అడగను. ఎల్లి సెప్పీ."

మత్స్యరాజు వెళ్లి చెప్పాడు. అప్పలనర్సమ్మ చోడంబలి ముంత తెచ్చి కింద పెడుతూ, మీ ఇద్దర్లో ఎవడు ముందు పోతాడో గాని నా ప్రాణం అంతకన్నా ముందే పోతుంది అంది. పోతన్న అంబలి తాగి మార్కెట్టుకి బయల్దేరాడు.

మార్కెట్లో ఆ పూట సరుకు విపరీతంగా దిగింది. జాతర రోజని రైతులు తొందరపడి తెల్లవారకముందే బళ్లు కట్టేశారు. కొట్ల ముందు ఎక్కడ చూసినా బెల్లం దిమ్మలు, వాటి మీద ఈగలు, ఈగల మీద కసిరే గుమస్తాలు. పోతన్న తలగుడ్డ చుట్ట చేసి నెత్తిన పెట్టుకుని దిమ్మలు మోయడం మొదలుపెట్టాడు. రెండు బళ్లు దించేసరికే చొక్కాలేని ఒళ్లంతా చెమటతో తడిసింది. కొట్టు మెట్ల దగ్గర నిలబడిపోయాడు. ఎడమ భుజం దగ్గర లాగుతోంది. ఏళ్ల తరబడి పుల్ల లాగిన చెయ్యి కదా, లాగకేం చేస్తుంది అనుకుని ఆ చేతిని తిట్టుకున్నాడు. అతను తిట్టని వస్తువంటూ లోకంలో లేదు, తన చేతిని మాత్రం ఎందుకు వదలాలి.

వెనకనుంచి మాకవరపాలెం కుర్ర కళాసీ ఒకడు దిమ్మ నెత్తిన పెట్టుకుని, "కుంచం తండ్రీ, దారియ్యి" అన్నాడు. వాడు కొత్తవాడు. అదే ఆయన పేరనుకున్నాడు పాపం. పోతన్న మెట్టు దిగి వాడి నెత్తి మీది దిమ్మని తోసేశాడు. దిమ్మ పగిలింది, షావుకారు తిట్టాడు, పోతన్న తిరిగి తిట్టాడు. ఎవడూ మధ్యలోకి వెళ్లలేదు.

ఆ పేరు పెట్టింది సత్తియ్య. కథలో చెప్పేవాడు వంతవాడిని ఏడిపించడం కూడా ఒక పద్ధతే. ఎంత మాటైనా అనొచ్చు. వంతవాడు అంతకన్నా పెద్ద మాట వడ్డించాలి. జనం నవ్వాలి, కథ ముందుకి సాగాలి. యుద్ధం మొదలైన ఏడు జాతరలో సత్తియ్య మంచి ఊపు మీద ఉండి, పోతన్న చంకలోని జముకు చూపించి, "మా బావకి పిల్లల్నేరు గదా, అందుకే కుంచాన్ని సంకనేసుకు తిరుగుతన్నాడు. జోల కూడా పాడతాడు" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. పోతన్న మాట వడ్డించాలి. సత్తియ్యకి మెల్లకన్ను ఉంది, గంపెడు పిల్లలున్నారు, అనడానికి కావలసినన్ని ఉన్నాయి. నాలుక లేవలేదు. ఎందుకంటే ముందు వరసలో అప్పలనర్సమ్మ కూర్చునుంది. ఆమె కూడా నవ్వుతోంది. నవ్వకపోతే అందరూ తననే చూస్తారని నవ్వుతోంది.

మర్నాడు సత్తియ్య ఏమీ జరగనట్టే వచ్చి బావా, చుట్ట ఉందా అని అడిగాడు. కథలో అన్నమాట ఇంటికి మోసుకుపోయేవాడు ఒకడుంటాడని అతను కలలో కూడా అనుకోలేదు. జట్టు కట్టినవాడు ఎవడూ చేయని పొరపాటు అది. పోతన్న మొహం తిప్పేసుకున్నాడు. కొన్నాళ్లు చూసి సత్తియ్యకీ రోషం వచ్చింది. అన్నవాడికి అది ఆట, పడ్డవాడికి అది బతుకు. ఇద్దరిలో ఎవరిది తప్పని అడిగితే మార్కెట్టంతా పోతన్నదే తప్పంటుంది. కాని ఆ రాత్రి ఇంటికెళ్లాక మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పడుకున్న సంగతి మార్కెట్టుకి తెలియదు.

పొద్దు నడినెత్తి దాటాక గవరపాలెం పందిట్లో కథ మొదలైంది. జనం కిటకిటలాడుతున్నారు. నూకాలమ్మకి మొక్కులు తీర్చుకుని వచ్చినవాళ్లు, పసుపు మొహాల ఆడవాళ్లు, భుజాల మీద పిల్లల్ని ఎక్కించుకున్న మొగవాళ్లు. కబురు ముందే పాకిపోయింది. ఇవాళ పోతన్న అడగడట, సత్తియ్య బతిమాలాలట. బతిమాలతాడనీ బతిమాలడనీ పందాలు కూడా కాసుకున్నారు. సత్తియ్య పెళ్లాం వరహాలక్ష్మి మూడు కంచుగ్లాసుల్లో పానకం తెచ్చి వేదిక అంచున పెట్టింది. సత్తియ్య, మత్స్యరాజు గటగటా తాగేశారు. ఆ ఇంటి మంచినీళ్లు కూడా ముట్టనివాడు పోతన్న. తన గ్లాసుని కాలితో కొంచెం అవతలికి నెట్టాడు.

మొదటి పాటలోనే పుల్ల లాగాడు. సత్తియ్య శ్రుతి అందుకున్నాడు. ఇంకాస్త లాగాడు. అదీ అందుకున్నాడు. సత్తియ్యకి వయసు మీదపడింది. గొంతు గీరుకుపోతోంది, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అయినా వదలడం లేదు. కిందివాళ్లు ఈలలు వేశారు. పోతన్న భుజంలో లాగుడు మోచేతి దాకా దిగింది. అతను పుల్లని ఇంకా బిగించాడు.

కథలో రాజుకూతురు ఒకతె అడవిలో దారి తప్పి, చీకటిపడే వేళకి ఒక ఇంటి ముందుకి వస్తుంది. సత్తియ్య చెయ్యెత్తి గాలిలో తలుపు కొట్టాడు. ఒకసారి కొట్టింది, రెండోసారి కొట్టింది అన్నాడు. ఆపాడు.

పోతన్న అడగాలి.

పోతన్న సత్తియ్య మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. కడుపు నిండినట్టుగా ఉంది. ఇన్నేళ్లకి ఆ మెల్లకన్ను తన వైపే చూస్తోంది, ఎటూ పోలేక చూస్తోంది. చెమట సత్తియ్య ముక్కు చివర వేలాడుతోంది. చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. జనం నవ్వు మొదలైంది. నవ్వండి, బాగా నవ్వండి అనుకున్నాడు పోతన్న. ముందు వరసలో అప్పలనర్సమ్మ నవ్వడం లేదు. భర్తనే చూస్తోంది. ఆమె మొహంలో ఏదో కంగారు కనిపించింది అతనికి. ఎందుకో అర్థం కాలేదు. ఛాతీ మీద ఎవరో దిమ్మ దింపినట్టయింది. నోరు తెరిచాడు. అడగడానికో తిట్టడానికో అతనింకా తేల్చుకోలేదు.

కింద కూర్చున్నవాళ్లకి కనిపించింది మాత్రం ఇది. పోతన్న నోరు తెరిచి, మాట అనకుండా, కుంచం చంకలో పెట్టుకుని, వెనక రాటకి ఆనుకున్నాడు. ఎప్పుడూ ఆడే ఆటే, ఇవాళ ఇంకొంచెం సాగదీశాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. అడగడురోయ్ అని ఒకడు అరిచాడు. పందెం కాసినవాళ్లు లేచి నిలబడ్డారు.

సత్తియ్య చెయ్యి దించాడు. చాలాసేపు తనలో తను కొట్లాడుకున్నట్టు పెదాలు కదిలాయి. అప్పుడు జనమంతా వినేలాగే అన్నాడు.

"అడుగు బావా."

పందిరి ఒక్కసారిగా హోరెత్తింది. పోతన్న కదల్లేదు. సత్తియ్య మొహం ఎర్రబడింది. ఇంకా ఏం కావాలి వీడికి? రెండడుగులు ముందుకొచ్చి, గొంతు తగ్గించి, ఇంట్లో మనిషితో అన్నట్టు అన్నాడు.

"నాను తప్పే అన్నాను, ఆ ఏల. నీ పెళ్లాం నా సెల్లెలు గదా, నాను అనకూడదు. అడుగు బావా. నీ కాళ్లట్టుకుంతాను."

జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. మత్స్యరాజే అందరికన్నా ముందు గమనించాడు. తాళాలు కింద పెట్టి పోతన్న భుజం మీద చెయ్యి వేశాడు. బిగిసిన నరం ఒక్కసారి వదులై, ఎవరూ మీటకుండానే చిన్నగా మోగి ఆగిపోయింది. నవ్వు ముందు వరసల్లో ఆగింది. వెనక వరసలవాళ్లు ఇంకా కాసేపు నవ్వారు.

మత్స్యరాజు బండి పందిరి పక్కకి తెచ్చాడు. దిమ్మలు ఎత్తే చేతులే అతన్నీ ఎత్తాయి. సత్తియ్య కాళ్ల వైపు పట్టుకోబోతే అప్పలనర్సమ్మ అన్నగారి చెయ్యి తోసేసింది. ఏడుపు లేదు, కేక లేదు.

"ఇప్పుడొచ్చిందా నీకు నోరు?" అంది. "పో అన్నా. ఇనడానికి ఆయన ఇంక నేడు."

బండి కదిలింది. ఆమె బండి పక్కన నడిచింది. జాతర జనం దారి ఇచ్చి, మళ్లీ కలిసిపోయారు. వేదిక ముందు కూర్చున్న ఒక ముసలమ్మ మాత్రం, ఇంతకీ ఆ తలుపు తీశారా లేదా అని పక్కవాళ్లని అడుగుతోంది. సత్తియ్య విన్నాడు గాని చెప్పలేదు. అడగాల్సినవాడు అడగలేదు.

వరహాలక్ష్మి వచ్చి ఖాళీ గ్లాసులు రెండూ తీసుకుంది. మూడోది తీయడానికి వంగి, మానేసి వెళ్లిపోయింది. వేదిక అంచున నిండుగా, తొణక్కుండా, కంచుగ్లాసులో పానకం ఉండిపోయింది.