బస్టాండ్ రోడ్డులో ముడి

రోజూ పొద్దున్నే ట్రాఫిక్ వార్తలు చెప్పే అమ్మాయి మేకప్ గదిలో కుర్చీలో కూర్చుని జడ విప్పుకుంటుంది. మేకప్ ఆవిడ జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి వెతుకుతుంది. ఊళ్ళో బళ్ళు ఎక్కడ ఆగితే ఈ పిల్ల జుట్టులో అక్కడ చిక్కు పడుతుంది మరి. "చెవి వెనకాల గట్టిగా ఉందమ్మాయ్, వంతెన మీద లారీ ఏదో అడ్డం తిరిగినట్టుంది" అని ఆవిడంటే, ఈ అమ్మాయి వెళ్ళి కెమెరా ముందు అదే చెబుతుంది. వార్తలయ్యాక మేకప్ ఆవిడ తాపీగా దువ్వుతుంది, ఊరు కదులుతుంది. "ఇవాళ ఆ టీవీ పిల్ల కాస్త నూనె రాసుకున్నట్టుంది, హాయిగా వచ్చేశాం" అనుకుంటారు ఆఫీసులకి చేరినవాళ్ళు.

ఆవేళ మేకప్ ఆవిడ ముఖం పీక్కుపోయి ఉంది.

"ఏమైంది పిన్నీ?"

"మా పిల్ల వేరే ఊళ్ళో ఉద్యోగమని బయల్దేరింది. వద్దంటే వినలేదు. వెళ్తే మళ్ళీ నా గడప తొక్కకు అనేశాను. పాడు నోరు. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తట్లేదు."

మెడ మీది సన్నపాయ దగ్గర ఆవిడ వేళ్ళు ఆగాయి. బస్టాండ్ రోడ్డు అది. ఒక్క చిక్కయినా లేకుండా జారిపోతోంది. కాసేపట్లో బస్సు ఊరు దాటుతుంది, పిల్ల ఆ మాటే మూటగట్టుకుని పోతుంది. ఇన్నేళ్ళలో ఆవిడ చిక్కులు తీయడమే గానీ వేసిన పాపాన పోలేదు.

"వెయ్యి పిన్నీ. నేను చెప్పుకుంటాలే" అంది అమ్మాయి, అద్దంలోంచి చూస్తూ.

ఆవిడ ఆ పాయకి ముడి వేసింది.

"బస్టాండ్ రోడ్డులో బస్సులన్నీ ఆగాయి" అంది అమ్మాయి కెమెరా ముందు. "ప్రమాదమేం లేదు. మా మేకప్ పిన్ని వాళ్ళమ్మాయితో ఓ మాట చెప్పుకోవాలట. కాస్త హారన్లు కొట్టకండి."

కెమెరా పక్కన నిలబడ్డ ఆవిడ చేతిలో ఫోన్ మోగింది.

"తప్పు నాదేనే తల్లీ" అంది ఆవిడ గుసగుసగా. "నువ్వు వెళ్ళు. ఉద్యోగం చేసుకో. కానీ ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రా. అది నీ ఇల్లు."

అటువైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"ఆదివారం వస్తాలే. ముందు ముడి విప్పమ్మా. బస్సులో టీవీ పెట్టారు. అందరూ నిన్ను తిడుతుంటే వినలేకపోతున్నాను."

ట్రాఫిక్ వార్తలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. మేకప్ ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, కెమెరా ముందుకే నడిచివెళ్ళి, ఒక్క వెంట్రుకయినా తెగకుండా నిదానంగా ముడి విప్పింది. ఊరంతా చూసింది. కదిలిన బస్సులో కూతురు కూడా చూసింది.