పదకొండు రోజుల ఆలస్యం

ప్రొఫెసర్ పదవికి దరఖాస్తు గడువు ఆ సాయంత్రం ఐదింటికి. వయసు ప్రకారం లెక్చరరమ్మకు ఇదే ఆఖరి అవకాశం. నాలుగున్నరకి కంప్యూటర్ ముందు కూర్చుని విద్యార్హతలు చకచకా నింపేసింది: ప్రభుత్వ పాలనా శాస్త్రంలో ఎం.ఏ., అందులోనే డాక్టరేటు, పన్నెండేళ్ళ బోధన. 'పరిశోధనాసక్తులు' దగ్గరికొచ్చేసరికి, పక్క కుర్చీలో ఉన్న బాబాయ్ కూడా వింటాడని పైకి చదివింది.

"కార్యాలయాల్లో ఆలస్యానికి కారణాలు. ఉపకారవేతనం దరఖాస్తు అందిన నాటి నుంచి పై అధికారికి చేరడానికి సగటున పదకొండు రోజులు. పరిష్కారం: తేదీ ముద్ర మనిషి చేతిలోంచి తీసి యంత్రానికివ్వడం."

ఆ పదకొండు రోజులే ఆమెకు పేరు తెచ్చాయి; ఆమె చెప్పినట్టే ఆఫీసులన్నిట్లో ముద్ర యంత్రానికి వెళ్ళింది. కొండను తవ్వి ఎలుకను పట్టావని ఎవరెంత వెక్కిరించినా ఆ ఎలుక తనదే. రిజిస్టర్లు చూపించింది బాబాయే. ఉపకారవేతనాల ఆఫీసులో దరఖాస్తులు తీసుకుని ముద్ర కొట్టే గుమాస్తాగా రిటైరయ్యాడు. ఆమె సిద్ధాంత గ్రంథాన్ని మాత్రం, అంత లావు పుస్తకం ఎవడు చదువుతాడని అటకెక్కించాడు.

"పదకొండు రోజులేంటే? నా దగ్గర ఏ కాగితమూ ఒక్కరోజు ఆగలేదు."

"గడువు రోజున ముద్ర, పదకొండు రోజులకి పంపడం. రిజిస్టర్లో ఉంది బాబాయ్!"

"పిచ్చితల్లీ, వాళ్ళు వచ్చిందే గడువు దాటాక. చదువుకునే పిల్లలు, కాళ్ళావేళ్ళా పడేవాళ్ళు. ముద్ర తేదీ గడువు రోజుకి వెనక్కి తిప్పి కొట్టి, వాళ్ళొచ్చిన రోజే పంపేసేవాణ్ణి."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే ఉద్యోగం పోదూ!"

ఆమె తెర మీది 'ఆలస్యం' అన్న మాటను మళ్ళీ చదివింది. అయితే అది ఆలస్యం కాదా? మరేమిటి, మోసమా, దయా? కోపం ముంచుకొచ్చింది గానీ ఎవరి మీదో తెలియలేదు. ఇన్నేళ్ళూ పట్టుకున్నది ఎలుక కూడా కాదన్నమాట. గడిలో 'ఆలస్యం' చెరిపి 'దయ' అని రాసింది. ఎంపిక బోర్డు వాళ్ళు నవ్వుతారని చెరిపింది. 'అబద్ధం' అని రాసి, బాబాయ్ ముఖం చూసి అదీ చెరిపింది. చివరికి 'నా పాత రిజిస్టర్లను మళ్ళీ చదవడం' అని రాసి 'పంపు' నొక్కింది.

గడువు ముగిసింది అని ఎర్రగా వచ్చింది. టైం ఐదూ నాలుగు.

"నాలుగు నిమిషాలేగా," అన్నాడు బాబాయ్. "కౌంటర్లో ఎవరున్నారో వాళ్ళని బతిమాలుకో."

"ఎవరూ లేరు బాబాయ్." ఆమె తెర మీది ఎర్ర అక్షరాల్ని చూపించింది. "ఉండకూడదని రాసింది నేనే."